తియ్యి అంటే తీసెయ్యడం కాదు

"తియ్యి" అన్న తెలుగు మాటకు ఇంగ్లిషులో ఒకే ఒక్క మాట రాసి, కింద నా పేరు పెట్టమన్నారు మా ఆఫీసులో. పెట్టనన్నాను. మొదటిసారి మర్యాదగానే అన్నాను. రెండోసారికి ఆ మర్యాద మిగల్లేదు.

ఆ ఒక్క మాట మీద ఫరీదాబాద్‌లో ఒక మనిషి ఉద్యోగం వేలాడుతోంది. నేను "రిమూవ్" అని రాస్తే అతని ఉద్యోగం పోతుంది. దాంతోపాటు దొంగ అన్న పేరూ వస్తుంది. అతనెవరో నాకు తెలియదు, నేనెవరో అతనికి తెలియదు. అయినా రాయనంటే రాయనన్నాను. ఎందుకో తెలియాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి. అది మా ఇంట్లోవాళ్ళకే ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నేను కంప్యూటర్లు బాగుచేస్తానని మా అమ్మ నమ్మకం.

నేను గురుగ్రామ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాతపని చేస్తాను. మా కంపెనీ అమ్మేది పనుల అజమాయిషీకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్. ఏ పని ఎవరిది, ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, అన్నీ అందులో కనిపిస్తాయి. ఒక్కో పనినీ ఒక్కో టాస్క్ అంటాం. ఆ పనికి సంబంధించిన ఫొటోలు, మాటలు, తగువులు, అన్నీ ఆ టాస్క్‌లోనే ఉంటాయి. ఈమధ్య అందులోకి ఏఐ ఏజెంట్ వచ్చి కూర్చుంది. మనం బటన్లు వెతుక్కోనక్కర్లేదు. ఫలానాది చెయ్యి అని టైప్ చేస్తే చాలు, అదే చేసిపెడుతుంది.

ఆ ఏజెంటుకు నోరుంది గానీ చేతుల్లేవు. మేమిచ్చే టూల్సే దాని చేతులు. టాస్క్ చూపించడానికి ఒక టూల్, పక్కన దాచడానికి ఒకటి, పూర్తిగా తొలగించడానికి ఒకటి, ఇలా ఉంటాయి. ఏ టూల్ లోపల ఏముందో ఏజెంట్ విప్పి చూడదు. దాని పక్కన రాసిపెట్టిన వివరణ చదివి, ఇప్పుడు దేన్ని ఎత్తాలో తేల్చుకుంటుంది. ఆ వివరణలు రాసేది నేను. ఇంట్లో కొత్తగా చేరిన వంటమనిషికి డబ్బాలు చూపించడం లాంటిదే ఈ పని. ఇది ఉప్పు, ఇది పంచదార, ఆ మూలనున్నది మాత్రం నన్నడక్కుండా ముట్టుకోకు అని చెప్పాలి. చెప్పకుండా వదిలేసి, తర్వాత పాయసం ఉప్పగా ఉందని ఆవిడ మీద అరవడం అన్యాయం.

ఇలా రాయడం నాకు ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో ఒంటబట్టింది. సివిల్స్ రాస్తానని ఊళ్ళో అందరికీ చాటించి వచ్చి, కిటికీ తెరిస్తే ఎదుటి గది కిటికీ తగిలే సందులో ఉండి, మెస్సులో రాజ్మా తిని తిని చదివాను. సివిల్స్ రాలేదు. కానీ ఒక వాక్యానికి రెండర్థాలొస్తే మార్కులు పోతాయన్న భయం మాత్రం ఎముకల్లోకి దిగింది. ఆ భయమే ఇప్పుడు నాకు తిండి పెడుతోంది. అందుకే నా వాక్యాల జోలికి ఎవరైనా వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ.

తొలగించే టూల్‌కు నేను రాసిన వివరణ ఇది: "ఈ టూల్ టాస్క్‌ను శాశ్వతంగా తొలగిస్తుంది. అందులోని ఫొటోలు, వ్యాఖ్యలు అన్నీ పోతాయి, తిరిగి రావు. మనిషి శాశ్వతంగా తొలగించమని స్పష్టంగా చెప్పినప్పుడే వాడాలి. చూడాలనుకుంటే చూపించే టూల్ వాడాలి. అయిపోయిన పనిని పక్కన పెట్టాలనుకుంటే దాచే టూల్ వాడాలి. ఏది కావాలో తెలియకపోతే దీన్ని ముట్టుకోకుండా ముందు అడగాలి. తెలిసినా సరే, టాస్క్ పేరు చెప్పి, అవునని అనిపించుకున్నాకే వాడాలి."

మా బాస్ అది చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన మనిషి. చురుకైనవాడే, చెడ్డవాడు కాదు, కానీ పొడుగు వాక్యం కనిపిస్తే ఆయనకు పడిశం పడుతుంది.

"అరే యార్, ఇత్‌నా లంబా కౌన్ పఢేగా?" అన్నాడు. ఇంత పొడుగు ఎవడు చదువుతాడట.

"ఏజెంట్ లోపలున్న మోడల్ చదువుతుంది సర్. అది చదవడానికే రాశాను."

"మోడల్ స్మార్ట్ హై. సమఝ్ జాయేగా."

తెలివైనది, అదే అర్థం చేసుకుంటుందట. స్మార్టే. కాదనను. ఎంత స్మార్ట్ అయినా మనం చెప్పనిది దానికెలా తెలుస్తుంది? మా సాఫ్ట్‌వేర్‌లో తొలగిస్తే చెత్తబుట్టలోకి కూడా పోదని, ఇక తిరిగి రాదని, ఆ మోడల్‌కు ఎవరు చెప్పాలి? అదే అడిగాను. వివరణలు పొడుగైతే ఏజెంట్ నెమ్మదిస్తుందని, ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే కస్టమర్లకు చిరాకని ఆయన వాదన. ఏడు వాక్యాలూ ఎగిరిపోయాయి. మిగిలింది ఒక్కటే: "టాస్క్‌ను రిమూవ్ చేస్తుంది." ఇలా రాయడానికి నేనెందుకు, ఆ టూల్ పేరే చాలుగా!

"ఇది ఏదో ఒక రోజు ఎవడి కొంపో ముంచుతుంది" అని మీటింగులో అందరి ముందూ అన్నాను. హిందీలో అన్నాను, ఇంగ్లిషులో అన్నాను, ఎవరికీ పట్టకపోయేసరికి కోపంలో తెలుగులో కూడా అన్నాను. ఆ గదిలో తెలుగు అర్థమైంది ఒక్క అమ్మాయికే. ఢిల్లీ జనక్‌పురిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, మా టీములో ప్రోగ్రామర్. నేనుండేదీ జనక్‌పురిలోనే కాబట్టి ఇద్దరం ఒకే క్యాబ్‌లో వస్తాం. నేను తెలుగులో అడిగితే తను హిందీలో జవాబిస్తుంది. వాళ్ళమ్మ మాత్రం నాకు గోంగూర పచ్చడి పంపిస్తుంది. ఆ రోజు తను తల దించుకుని నవ్వింది, నోరు విప్పలేదు.

తర్వాత జరిగింది చెప్తాను.

ఫరీదాబాద్‌లో ఒక కంపెనీ ఫ్లాట్లు కడుతోంది. వాళ్ళు మా సాఫ్ట్‌వేరే వాడతారు. అక్కడ సైట్ ఇంజనీరు మన తెలుగువాడు, కరీంనగర్ వైపు కుర్రాడు. బేస్‌మెంట్ గోడ ఒకటి బీటలిచ్చి నీరు కారుతోందని, దాన్ని సరిచేసేదాకా పక్కన తవ్వకం ఆపాలని అతను ఒక టాస్క్ పెట్టాడు. రోజూ ఆ బీటల ఫొటోలు మా యాప్‌తోనే తీసి అందులో పెడుతున్నాడు, అవి ఇంకెక్కడా లేవు. పైవాళ్ళు పట్టించుకోలేదు. ఒక రోజు పొద్దున మీటింగులో అందరికీ ఆ ఫొటోలు చూపించి తేల్చేద్దామని ఫోన్ తీసి, ఏజెంట్‌కు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. "బేస్‌మెంట్ గోడ టాస్క్ తియ్యి."

ఏజెంట్ తీసేసింది. చకచకా, మారుమాట లేకుండా, ఫొటోలతో సహా తీసేసి, "అయిపోయింది, ఇంకేమైనా కావాలా?" అని అడిగింది కూడా.

కంపెనీవాళ్ళకు అనుమానం వచ్చింది. గోడ విషయంలో ఇతనే ఏదో తప్పు చేసి ఉంటాడు, అది బయటపడకుండా సాక్ష్యం చెరిపేశాడు అన్నారు. మా సాఫ్ట్‌వేర్‌లో అతని పేరుతోనే ఆ ఆజ్ఞ కనిపిస్తోంది మరి. తేలేదాకా సైటులోకి రావద్దని గేటు దగ్గర ఆపేశారు. మా కంపెనీకి ఒక్క ప్రశ్న పంపారు: మా ఇంజనీరు తొలగించమన్నాడా, లేక మీ ఏజెంట్ తప్పు చేసిందా? మీరు చెప్పినదాన్ని బట్టి అతన్ని ఉంచాలో పంపాలో చూసుకుంటాం.

మా బాస్ నన్ను పిలిచాడు. తెర మీద ఆ వాక్యం చూపించి, 'తియ్యి' మీద వేలు పెట్టాడు.

"యే తెలుగు హై నా? ఇస్‌కా మత్‌లబ్ రిమూవ్ హై నా?"

"కాదు సర్. ఇక్కడ దీని అర్థం ఓపెన్."

"డిక్షనరీలో రిమూవ్ అని కూడా ఉంది, నేను చూశాను" అన్నాడు. చూసే ఉంటాడు, చురుకైనవాడన్నానుగా. "నిజమే కదా? రిమూవ్ అన్న అర్థం ఉందా, లేదా? ఉంటే అదొక్కటీ రాసి, పేరు పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

ఇదీ తంతు. అబద్ధం రాయమనలేదు. నిజంలో తనకు కావాల్సిన ముక్క మాత్రం కోసి రాయమన్నాడు. ఏడు వాక్యాలు కొట్టేసి ఒక్కటి మిగిల్చిన మనిషే, ఇప్పుడు ఒక మాటకున్న అర్థాలన్నీ కొట్టేసి ఒక్కటి మిగల్చమంటున్నాడు.

"సర్, తలుపు తియ్యి అంటే తెరవమని. ఫొటో తియ్యి అంటే లేని ఫొటోను పుట్టించమని. బండి తియ్యి అంటే బయల్దేరదాం అని. పిల్లకి దిష్టి తియ్యి అంటే ఉప్పూ మిరపకాయలూ తిప్పమని. మా అమ్మ ఫోన్ నా చేతికిచ్చి 'వాట్సాప్ తియ్యి' అంటుంది. ఇంతవరకు నేను దాన్ని ఫోన్‌లోంచి పీకెయ్యలేదు. ఇతను టైప్ చేసింది అదే మాట. తొలగించమనాలంటే మేము 'తీసెయ్యి' అంటాం. అతను ఆ మాట అనలేదు."

ఆయన నా మాట పూర్తిగా విన్నాడు. విని, జనక్‌పురి అమ్మాయిని కూడా పిలిచాడు. ఇంకో సాక్షి కావాలన్నమాట.

పాపం, ఆ పిల్ల బిక్కమొహం వేసింది. "మమ్మీ తో బోల్‌తీ హై, బట్టలు తియ్యి... మత్‌లబ్ తార్ సే కపడే హటావో. సో, రిమూవ్... షాయద్?" అంది.

బాస్ మొహం వెలిగింది. "దేఖా?" అన్నాడు నాతో.

అమ్మాయిని అనడానికేముంది? తను చెప్పింది అబద్ధం కాదు. తీగ మీద బట్టలు తియ్యడమంటే అక్కణ్ణుంచి తియ్యడమే. కానీ తనకొచ్చిన తెలుగంతా వంటింట్లోంచి, బాల్కనీలోంచి వచ్చింది. అక్కడ తనకి చెప్పిన పనులు ఆ నాలుగే. నేను బతిమాలలేదు, గద్దించనూ లేదు. "మీ అమ్మకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే. స్పీకర్ పెట్టు" అన్నాను.

చేసింది. వెనకాల కుక్కర్ కూస్తోంది.

"మమ్మీ, తియ్యి కా మత్‌లబ్ క్యా హోతా హై?"

"తియ్యడమా? ఏంటే తియ్యాల్సింది?" అన్నారు ఆంటీ.

"కుఛ్ నహీ మమ్మీ, సిర్ఫ్ వర్డ్. తియ్యి."

"ఏం తియ్యాలో చెప్పకుండా తియ్యి అంటే నేనేం చెప్పేదే? తలుపా, దిష్టా, కుక్కర్ మూతా? ముందు అది చెప్పు! కూర మాడిపోతోంది ఇక్కడ" అని ఫోన్ పెట్టేశారు.

నేను ఎగిరి గంతేయలేదు గానీ, వెయ్యాలనిపించింది. "సర్, అర్థమైందా? ఆవిడ ఏమన్నారో చెప్తాను. ముందు ఏం తియ్యాలో చెప్పు అన్నారు. ఊరికే ఒక్క మాట వింటే, ఏ పనీ మొదలుపెట్టకుండా ఎదురు అడిగారు. మన ఏజెంట్ చెయ్యాల్సింది అదే. నేను రాసిందీ అదే. మీరు కొట్టేసిందీ అదే."

ఆయన చెయ్యి విసిరి, "యార్, తెలుగు హీ కన్‌ఫ్యూజింగ్ హై" అన్నాడు.

అదిగో, అక్కడ పోయింది నా మర్యాద. తప్పు మా భాషదట! "మీ భాషలో మాట్లాడండి, మిగతాది మా ఏజెంట్ చూసుకుంటుంది" అని ప్రకటన వేసిందెవరు? గురుగ్రామ్ మెట్రో స్టేషన్లో నిలువెత్తు బోర్డు పెట్టిందెవరు? రమ్మని పిలిచి, వచ్చినవాడు తన భాషలో నోరు విప్పగానే, నీ భాష బాగాలేదు పొమ్మంటారా?

"సర్, మీరు కిందికి దిగి డ్రైవర్‌తో ఏమంటారు? గాడీ నికాలో అంటారు. అతను బండిని బయటికి తెస్తాడా, తుక్కు కింద అమ్మేస్తాడా? పొద్దున మీటింగులో నాతో ఫైల్ నికాలో అన్నారు. నేను తెచ్చి ముందు పెట్టాను గానీ తగలబెట్టలేదుగా? అదే మీరు ఒక మనిషిని నికాల్ దో అంటే ఏమిటర్థం? ఉద్యోగంలోంచి పీకెయ్యమని. నికాలో వేరు, నికాల్ దో వేరు. తియ్యి వేరు, తీసెయ్యి వేరు. మీ హిందీ ఎంత కన్‌ఫ్యూజింగో మా తెలుగూ అంతే, ఒక్క వెంట్రుక ఎక్కువ కాదు."

"వో అలగ్ బాత్ హై" అన్నాడు, అది వేరే సంగతి అని.

"వేరే సంగతే సర్. రెండూ వేరని చెప్పడానికే ఇంతసేపు అరుస్తున్నాను."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. కాసేపటికి గొంతు తగ్గించాడు. ఫరీదాబాద్‌వాళ్ళు పెద్ద కస్టమర్లు, తప్పు మాదని ఒప్పుకుంటే వెళ్ళిపోతారు, వాళ్ళ వెనకాల ఇంకొందరు పోతారు, మన టీమే ఉండకపోవచ్చు అన్నాడు. అబద్ధం కాదు, ఆయన భయం ఆయనకుంది. నాకూ ఇంటద్దె ఉంది. కానీ ఆ లెక్కలో, గేటు బయట నిలబడ్డ ఆ కుర్రాడి వంతేమిటి?

"మధ్యాహ్నం వాళ్ళతో కాల్ ఉంది. నువ్వు రిమూవ్ అని చెప్తావు. లేదంటే ఏజెంట్ టీములోంచి నిన్ను హటా దూంగా" అన్నాడు, తీసేస్తానని.

"హటా దీజియే" అన్నాను. "దానికైతే ఒక్కటే అర్థం, నాకు బాగానే తెలుసు."

బయటికొచ్చేశాను. ధైర్యంగా అనడం ఒక ఎత్తు, అన్నాక నిలబడడం ఒక ఎత్తు. క్యాంటీన్లో టీ తెచ్చుకుని కూర్చుంటే జనక్‌పురి అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. తెర నావైపు తిప్పింది. కస్టమర్లకు కనిపించని పరీక్ష కాపీలో నా పాత వివరణ, ఆ ఏడు వాక్యాలూ, మళ్ళీ పెట్టింది. ఎక్కడ దాచిందో, ఎందుకు దాచిందో నేను అడగలేదు. ఆ కుర్రాడు కొట్టిన వాక్యాన్నే అక్షరం మారకుండా కొట్టింది.

ఏజెంట్ ఆగింది. "బేస్‌మెంట్ గోడ టాస్క్‌ను తెరిచి చూపించాలా, లేక శాశ్వతంగా తొలగించాలా?" అని అడిగింది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అడిగింది. మాటలు అటూ ఇటూ మార్చి ఎన్నిసార్లు కొట్టినా, అడిగిందే గానీ ముట్టుకోలేదు. ఆ తర్వాత నా వివరణ తీసేసి బాస్ వాక్యం పెట్టి కొట్టింది. టాస్క్ గల్లంతు.

"దీదీ, యే తో..." అని ఆగిపోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గేం లేదు చెప్పడానికి. నేను రాసినదాన్ని ఒకరు చదివి, నమ్మి, ఆచరణలో పెట్టి చూపించారు. రాతపనివాళ్ళకు అంతకంటే ఏం కావాలి! అది మనిషైతేనేం, మోడల్ అయితేనేం.

మధ్యాహ్నం కాల్ మొదలైంది. తెర మీద ఒక డబ్బాలో ఫరీదాబాద్ కంపెనీ మేనేజరు, తెల్ల గోడ ముందు. ఇంకో డబ్బాలో ఆ ఇంజనీరు. అతని వెనకాల ఇనుప గేటు, దాని పక్కన టీ బండి, లారీ హారన్లు. సైటులోకి రానివ్వట్లేదు కాబట్టి గేటు బయట నిలబడే మాట్లాడుతున్నాడు. రోజూ వేసుకునే హెల్మెట్ కాబోలు, చంకలో పెట్టుకున్నాడు. లోపలికే వెళ్ళనివ్వని మనిషికి అదెందుకో!

మేనేజరు సూటిగా అడిగాడు. మా బాస్ నావైపు చూశాడు. నేను ముందు ఆ కుర్రాడితో తెలుగులో మాట్లాడాను.

"మీరు ఏం కావాలని అలా టైప్ చేశారండీ?"

తెలుగు వినపడేసరికి అతని మొహం ఒక్కసారిగా మారిపోయింది. "అక్కా, మీరు తెలుగా! నేను తియ్యుమన్న గని తీసెయ్యుమనలేదక్కా. మీటింగ్ల అందరికి చూపెడ్దామని తియ్యుమన్న. నా ఫొటోలు నేనే ఎందుకు తీసేస్కుంట? ఆ గోడ పక్క పొంటి కూలోళ్ళు పని చేస్తున్రు. నేను లోపల్కి పోకుంటే వాళ్ళకు చెప్పేటోడు లేడక్కా."

ఇక నేనెవరి మొహమాటమూ పెట్టుకోలేదు. మేనేజరుకు హిందీలో చెప్పాను. అతను చెప్పిన ప్రతి మాటా చెప్పాను. ఆ తర్వాత నాకు ఎవరూ చెప్పమనని మాటలు కూడా చెప్పాను. మీ ఇంజనీరు చూపించమన్నాడు. తప్పు మాది. మా టూల్ వివరణ చాలా పొట్టిగా ఉంది, తొలగిస్తే తిరిగి రాదని, అనుమానముంటే అడగాలని అందులో లేదు. అడగమని రాస్తే ఏజెంట్ అడుగుతుంది, కావాలంటే ఇప్పుడే చూపిస్తాం.

మా బాస్ నా మైక్ ఆపడానికి చెయ్యి చాపాడు. చాపి, ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

జనక్‌పురి అమ్మాయి లాప్‌టాప్ ముందుకు జరుపుకుంది. తను చేసిన పరీక్ష రెండు రకాలుగానూ అందరికీ చూపించింది. మేనేజరుకు హిందీలో వివరించింది. చివర్లో, గేటు ముందు నిలబడ్డ కుర్రాడివైపు తిరిగి, ఆఫీసులో ఎప్పుడూ మాట్లాడని తెలుగులో, తడబడుతూ, "అన్నా, మీరు కరెక్ట్‌గానే అడిగారు. ఏజెంటే అడగలేదు" అంది. అతను నవ్వలేదు. హెల్మెట్ ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు, అంతే.

మేనేజరు, "ఠీక్ హై, హమ్ దేఖ్‌తే హై" అన్నాడు. చూస్తాం అంటే చూస్తారని కాదు, ఢిల్లీలో ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలుసు. అందుకే కాల్ ముగిసేలోపు నా ఫోన్ నంబర్ అందరికీ కనిపించేలా చాట్‌లో పెట్టాను. "ఏ సంగతో నాకు చెప్పండి" అని తెలుగులో అన్నాను. కస్టమర్లకు సొంత నంబర్ ఇవ్వకూడదని మా ఆఫీసులో రూలుంది. ఉండనీ.

మర్నాడు నన్ను ఏజెంట్ టీములోంచి తీసేశారు. హెల్ప్ పేజీలు రాసే పని ఇచ్చారు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం చెయ్యాలి, లాంటివి. బాస్ నాతో ముభావంగా ఉన్నాడు గానీ, నా ఏడు వాక్యాలూ అదే రోజు అసలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిపోయాయి. ఫరీదాబాద్‌వాళ్ళు పట్టుబట్టారట. మిగతా టూల్స్ వివరణలు కూడా తిరగరాయాలని టీములో అనుకుంటున్నారట, ఎవరు రాస్తారో మాత్రం తేల్చలేదట. అడగనీ చూద్దాం. అడిగితే రాస్తాను, ఒక్క వాక్యం కూడా తగ్గించను.

ఇవన్నీ నాకు క్యాబ్‌లో చెప్పింది జనక్‌పురి అమ్మాయి. సగం హిందీ, సగం తెలుగు. తెలుగులో తప్పులు చేస్తే నేను దిద్దడం లేదు. మాట్లాడనీ.

కానీ ఆ కుర్రాడి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే మా బాస్ అది కస్టమర్ లోపలి విషయం అన్నాడు. రెండు రోజులు ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. కొరియర్‌వాళ్ళు, బ్యాంకు లోన్‌వాళ్ళు, మా అమ్మ. నేను అంత పెద్ద నోరేసుకుని పడ్డది దేనికోసం, హెల్ప్ పేజీలు రాసుకోవడానికా అనిపించింది. అతను పోయినట్టే అనుకున్నాను. చెప్పొద్దూ, అన్నం సహించలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున క్యాబ్ ద్వారకా దాటుతుండగా తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే లారీ హారన్లు, ఎవరో ఎవరినో హిందీలో తిట్టడం వినపడ్డాయి. జనక్‌పురి అమ్మాయి నావైపు వాలింది.

"అక్కా, నేనే! గేటు తీసిండ్రు!"

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "తీసిండ్రా, తీసేసిండ్రా? సరిగ్గా చెప్పు" అన్నాను అతని యాసలోనే.

అవతల పెద్దగా నవ్వు. "తీసిండ్రక్కా! లోపల్నే ఉన్న. తవ్వుడు ఆపించిన. గోడ కాడ మళ్ల ఫొటోలు తీస్తున్న, ఉంట మరి!"